గాలికి కాదు, కంటికి

2018లో జావా మోటారుసైకిల్ మళ్లీ బజారులోకి వచ్చినప్పుడు, వెనకట మైసూరులో తయారైన ఆ బండిని ఎరిగినవాళ్లు మురిసిపోయారు. అదే మెరూన్ రంగు, అదే గుండ్రటి ట్యాంకు, అటొకటి ఇటొకటి సైలెన్సర్లు. ఇంజను చుట్టూ పాత బండికున్నట్టే రెక్కలు. పాత ఇంజనును చల్లబరిచేది గాలే కాబట్టి, ఆ రెక్కలతో పనుండేది. కొత్త ఇంజనును చల్లబరిచేది కూలెంట్. ఆ పని చేసే రేడియేటర్‌నేమో కంట పడకుండా ఫ్రేము గొట్టాల మధ్య ఇరికించారు. కష్టపడేది చాటున ఉంది, ముస్తాబు ముందుకొచ్చి నిలబడింది.

ఈ వేషాలు మనకు కొత్తేం కాదు. ఏలూరు జిల్లా గుంటుపల్లి కొండమీద, క్రీస్తుకు పూర్వం తొలిచిన గుండ్రటి చైత్యగుహలో తల పైకెత్తి చూడండి. కప్పు నిండా వంపు తిరిగిన రాతి వాసాలు! తొలిచిన కొండకు వాసాలెందుకు? అవి మోసేదేమీ లేదు. కానీ ఉలి పట్టినవాళ్లకు కప్పంటే వాసాలే. అలాంటి కప్పున్న పాకల్లో జనం అప్పటికి కాపురాలు చేస్తూనే ఉన్నారు. వాళ్లు బతికున్నదాన్ని రాతికెక్కించారు. మనం ముందు పీకి పారేసి, తరవాత దాని బొమ్మ కొనుక్కుంటున్నాం.

ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిల్లు సంగతే తీసుకోండి. గుండ్రటి మట్టిగోడ, దాదాపు నేలదాకా దిగే తాటాకు కప్పు. అందం కోసం పుట్టిన ఆకారం కాదది. తుపాను గాలికి కొట్టడానికి మూల దొరకదు, దూరడానికి చూరు కింద సందు దొరకదు, పక్కనుంచి జారిపోతుంది. అలాంటి ఇళ్లు పోయి శ్లాబులొచ్చాయి. నిప్పు భయం, కొన్నేళ్లకోసారి కప్పు మార్చే ఖర్చు, పక్కా ఇల్లుంటేనే కుదిరే సంబంధాలు... వదులుకున్నవాళ్లను తప్పుపట్టలేం.

తప్పు పట్టాల్సింది రిసార్టులవాళ్లను. ఇనుప గొట్టాల మీద ప్లాస్టిక్ ఆకు పరిచి, ఏసీ బిగించి, పల్లె కుటీరమంటారు. చూరు మాత్రం ఎత్తుగా లేపుతారు, అతిథి నడుం వంచకూడదు కదా! గాలికి కావలసిన సందు అక్కడే దొరుకుతుంది.

పాత రూపమంతా దండగని నేననను. 2017లో సరిగమ కంపెనీ తెచ్చిన కారవాన్ పాటల పెట్టెది ట్రాన్సిస్టర్ వేషమే. లోపల వేల పాటలు దాచి ఉంటాయి. ఫోనులో ఎక్కడ నొక్కాలో తెలియని పెద్దవాళ్లు కూడా నాబ్ తిప్పి పాట వింటారు. అక్కడ పాత రూపం జీతానికి తగ్గ పని చేస్తోంది.

చుట్టిల్లు నుంచి తెచ్చుకోవాల్సింది ఆకు కాదు, ఆ గుండ్రటి గోడ. తీరంలో కట్టే కాలనీ ఇళ్లకు సిమెంటుతోనే దాన్ని కట్టి చూడొచ్చు. చూడ్డానికి చుట్టిల్లులా లేకపోయినా నష్టం లేదు. కాకపోతే, బీరువా ఏ మూలన పెట్టుకోవాలని ఇల్లాలు అడుగుతుంది. ఇంజనీర్లు ముందు ఆవిడకు జవాబు చెప్పుకోవాలి.