కోఠీ పనులే చేస్తాం, అయితే ఏంది?

మొన్న మేము గ్రూపులో ఒక ఫొటో పెట్టాం. వెనక మూత తీసిన పాత ల్యాప్‌టాప్, అందులో పసుపు టేపు చుట్టిన చిన్న పచ్చ బోర్డు, దానికి నాలుగు సన్నటి తీగలు. "ఇంట్లో చేసిన యూఎస్‌బీ హబ్, ల్యాప్‌టాప్ లోపలే బిగించాం" అని కింద రాశాం. సాయంత్రానికి కామెంట్లు వచ్చి పడ్డాయి. "యూకే వచ్చి కూడా కోఠీ పనులేనా బ్రో" అని ఒకరు. "ఇంత కక్కుర్తి ఎందుకన్నా, నెలనెలా కడితే కొత్తదే ఇంటికొస్తది కదా" అని ఇంకొకరు. "ఇల్లు తగలబెడతారా ఏంది తమ్ముళ్లూ" అని ఒక అక్క. నవ్వే బొమ్మలు లెక్కపెట్టలేదు.

అక్క అడిగిన దాంట్లో న్యాయం ఉంది, దానికి జవాబు చెప్తాం. మిగతా ఇద్దరికి మాత్రం కొంచెం గట్టిగానే చెప్పాలనుంది. పోస్టు పొడుగైతది. బ్రేకులో చదువుకోండి.

ముందు జరిగిన సంగతి. కోవెంట్రీలో ఒకే ఇంట్లో ఐదుగురం ఉంటున్నాం. ఇద్దరికి వేర్‌హౌస్, ఒకరికి కేర్ హోంలో నైట్లు, ఒకరికి డెలివరీ. ఐదో మనిషి మా అందరికంటే పెద్దాయన, అన్న అంటాం. ఆయనది మాత్రం స్పాన్సర్‌షిప్ మీద ఐటీ సపోర్టు ఉద్యోగం. కంపెనీ చేతులెత్తేసింది. తర్వాత ఏం వస్తదో ఇక్కడ చదివేవాళ్లకి చెప్పక్కర్లేదు: ఉత్తరం, అందులో 60 రోజులు. ఆలోపు ఇంకో స్పాన్సర్ దొరకాలి, లేదంటే సామాను సర్దుకోవాలి. ఊర్లో అప్పు అట్లనే ఉంది.

ఆ 60 రోజుల్లో ఆయన చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం ఆ ల్యాప్‌టాప్. ఏదో ఆఫీసు వాడి వదిలేసిన నల్లటి డబ్బా, ఆయన సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. టచ్‌ప్యాడ్ ఎప్పుడో పోయింది, మౌస్ లేకుండా నడవదు. లోపలి మైకు గరగరమంటది, అందుకని యూఎస్‌బీ హెడ్‌సెట్. బ్లూటూత్ ఉండీ లేనట్టే. ఉన్న పోర్టుల్లో ఒకటి ముందే చచ్చింది. రెండోదాని నాలుక విరిగి, డేటా గీతలు బోర్డు మీదనుంచి లేచిపోయాయి. మూడోదానికి పిన్ను పెట్టి వేలితో అదిమి పట్టుకుంటే పనిచేస్తది, వదిలితే పోతది. మొదటి ఇంటర్వ్యూ అట్లనే చేశాడు, ఒక చేత్తో వైరు నొక్కి పట్టుకుని. నడిమధ్యలో మాట ఆగిపోయింది. అవతలివాళ్లు రెండు నిమిషాలు చూసి మర్యాదగా సెలవు తీసుకున్నారు. మరుసటి రోజుకి ఆ మూడోది కూడా పోయింది.

బయట పెట్టుకునే హబ్ కొనుక్కోవచ్చు కదా అంటారు. దాన్ని గుచ్చడానికైనా ఒక పోర్టు బతికుండాలి కదా! లైబ్రరీలో కంప్యూటర్లు ఉన్నాయి, నిజమే. అప్లికేషన్లు అక్కడే పెట్టాడు. కానీ లైబ్రరీలో కూర్చుని గంటసేపు ఇంటర్వ్యూలో మాట్లాడనిస్తారా? రిపేరు షాపులో అడిగితే బోర్డు మీద పని, 120 పౌండ్లు, రెండు వారాలు అన్నారు. 60 రోజుల్లో రెండు వారాలంటే ఎంతో మీరే లెక్కేసుకోండి.

మాలో వేర్‌హౌస్‌కి పోయే తమ్ముడు ఒకడున్నాడు. ఇక్కడికి రాకముందు రెండేళ్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీలో చేశాడు. చినాయ్ ట్రేడ్ సెంటర్ అంటే గుర్తొస్తది కదా, హైదరాబాద్‌లో చదివినోళ్లలో ఒక్కసారైనా ర్యామ్ కోసమో ఛార్జర్ కోసమో ఆ మెట్లు ఎక్కనోళ్లు తక్కువ. వాడు ఇక్కడ రాత్రంతా డబ్బాలు మోస్తున్నాడు. వాడి చేతిలో ఆ విద్య ఉందని ఏడాదిగా ఒకే ఇంట్లో ఉన్న మాకే సరిగ్గా తెలియదు. వాడూ చెప్పుకోలేదు. ఎందుకు చెప్పుకోలేదో కింద చెప్తాం.

వాడు మూత తీసి చూసి అన్నాడు: "అన్నా, ఇందులో సిమ్ మోడెమ్ కోసం వదిలిన స్లాట్ ఖాళీగా ఉంది. దాంట్లో యూఎస్‌బీ గీతలు ఉంటాయి."

నిజంగానే ఉంటాయి. మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే ఆ స్లాట్‌లో 52 కాళ్లు. అందులో 36, 38 నంబర్లు యూఎస్‌బీ డేటావి. ల్యాప్‌టాప్‌లో కెమెరా, బ్లూటూత్, వేలిముద్ర చదివేది, ఇవి కూడా చాలా మిషన్లలో లోపల యూఎస్‌బీ మీదే నడుస్తాయి. బయటికి కనిపించే పోర్టులు రెండో మూడో, లోపల ఇంకా దారులు ఉంటాయి. మేము కొత్తగా కనిపెట్టిందేం లేదు. 2007లో ఏసస్ ఈ పీసీ అని ఏడంగుళాల చిన్న ల్యాప్‌టాప్ వచ్చింది, గుర్తుందా? దాన్ని విప్పి లోపల హబ్ సోల్డర్ చేసి బ్లూటూత్, జీపీఎస్, పెన్‌డ్రైవ్ అన్నీ కుక్కినోళ్లు ప్రపంచమంతా ఉన్నారు. వాళ్లని ఎవరూ కక్కుర్తి అనలేదు.

కార్ బూట్ సేల్‌లో 2 పౌండ్లకి నాలుగు పోర్టుల హబ్ దొరికింది. ప్లాస్టిక్ పగలగొడితే లోపల వేలెడు బోర్డు, ఒక చిప్, ఒక 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, అంతే. పాడైపోయిన పాత వైఫై కార్డు ఒకటి తీసుకుని దాని మీది సరుకంతా పీకేసి, 36, 38 కాళ్ల నుంచి వచ్చే గీతలకి రెండు తీగలు అతికించాడు. ఇక్కడ ఒక చిక్కుంది. ఆ స్లాట్‌లో వచ్చేది 3.3 వోల్టులు, హబ్‌కి కావాల్సింది 5. అందుకే నాలుక విరిగిన పోర్టు దగ్గర కరెంటు కాళ్లు బాగానే ఉన్నాయా అని మల్టీమీటర్ పెట్టి చూశాడు. ఉన్నాయి. ఎర్రది, నల్లది అక్కడి నుంచి తీశాడు.

మొదటిసారి పెడితే మిషన్ గుర్తుపట్టలేదు. తెల్ల తీగ, పచ్చ తీగ తారుమారయ్యాయి. మార్చాడు, గుర్తుపట్టింది. మౌస్ రిసీవర్‌ని లోపలే ఉంచేద్దామని ఇనుప ప్లేటు కింద పెడితే బాణం గుర్తు కప్పలాగ గెంతింది. అరచేయి ఆనించే ప్లాస్టిక్ భాగం కిందికి జరిపాక సర్దుకుంది. హెడ్‌సెట్‌కి ఒక పోర్టు మాత్రం పక్కన ఖాళీగా ఉన్న కార్డు సందులోంచి బయటికి తీశాం. రెండు ఆదివారాలు పట్టింది. మొత్తం ఖర్చు టేపుతో కలిపి 10 పౌండ్లు దాటలేదు.

ఇప్పుడు కక్కుర్తి అన్న తమ్ముడికి.

నెలనెలా కట్టి కొత్తది తీసుకోమన్నావు. 60 రోజుల ఉత్తరం చేతిలో ఉన్నోడికి రెండేళ్ల వాయిదాలు ఎవడిస్తాడు, తీసుకుంటే ఎవడు కడతాడు? అది పక్కన పెట్టు. కొత్తది తెచ్చుకుంటే ఏమైతదో చూడు. సన్నగా ఉండాలని పోర్టులు తగ్గించుకుంటూ వచ్చారు. చాలావాటిలో ర్యామ్ బోర్డుకే అతికించేశారు. ఒక పోర్టు వదులైతే బోర్డే మార్చాలంటారు. ఆ పోర్టు ఖరీదు ఒక చాయ్ అంత కూడా ఉండదు. రిపేరు చేయించుకుంటే, షాపు వ్యాట్‌లో ఉన్నదైతే, దాని మీద 20 శాతం. ఇదంతా ఎవరి లాభానికి? ఓవర్‌టైం చేసి వాళ్ల లాభం నింపడం హోదా, 10 పౌండ్లతో పని నడుపుకోవడం కక్కుర్తి. ఈ లెక్క మనకి ఎవరు నేర్పారు?

రిపేరు హక్కు చట్టం వచ్చింది కదా అని ఒకరు లింకు పెట్టారు. వచ్చింది, 2021 జులై 1 నుంచి. వాషింగ్ మెషిన్లు, డిష్‌వాషర్లు, ఫ్రిజ్‌లు, టీవీలు ఉన్నాయి అందులో. ల్యాప్‌టాప్ లేదు, ఫోన్ లేదు. మనం అద్దెకుండే ఇంట్లో వాషింగ్ మెషిన్ ఓనర్‌ది, ఫ్రిజ్ ఓనర్‌ది. మనవి అని చెప్పుకోడానికి ఉన్న రెండు వస్తువులనీ ఆ చట్టం ముట్టుకోలేదు. ఫ్రాన్స్‌లో 2021 జనవరిలోనే ల్యాప్‌టాప్ మీద, ఫోన్ మీద, రిపేరుకి ఎంత వీలో పదికి మార్కులేసి ధర పక్కన పెట్టాలని రూలు తెచ్చారు. ఇండియా కూడా 2022 డిసెంబర్‌లో రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. అది ఎంత పనిచేస్తదన్నది వేరే పంచాయితీ.

పైగా మన సంగతి ఇక్కడివాళ్ల సంగతి ఒకటి కాదు. బీఆర్‌పీ కార్డులు 2024 డిసెంబర్ 31తో అయిపోయాయి. మన వీసా ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉంది. కొత్త ఉద్యోగానికైనా, ఇల్లు అద్దెకైనా షేర్ కోడ్ తియ్యాలి, అదీ 90 రోజులకే. కాగితం ఉన్నప్పుడు సూట్‌కేసులో దాచుకునేవాళ్లం. ఇప్పుడు ఆ కాగితం చూపించాలంటే ఒక మిషన్ పనిచెయ్యాలి. మన దగ్గర పనిచేసే మిషన్ ఉండి తీరాలని ప్రభుత్వమే పెట్టింది. మరి ఆ మిషన్ బాగుచేసుకునే హక్కు చట్టంలో ఎందుకు లేదు? కౌన్సిలర్లు, ఎంపీలు దీపావళికి వస్తారు, బొట్టు పెట్టించుకుంటారు, మనం సెల్ఫీలు దిగుతాం. ఈసారి ఈ ఒక్క ప్రశ్న అడగండి. అడిగితే పోయేదేం లేదు.

ఇంక కోఠీ అన్న బ్రో గురించి. కోపమంతా ఇక్కడే ఉంది మాకు.

కోఠీ గుజరాతీ గల్లీలో కెపాసిటర్లు ఏరుకుని, స్టూలు మీద కూర్చుని బోర్డు బతికించే మనిషికి మనం ఏనాడు మర్యాద ఇచ్చాం? అమీర్‌పేటలో జావా నేర్చుకున్నోడు సాఫ్ట్‌వేర్, కోఠీలో సోల్డరింగ్ నేర్చుకున్నోడు మెకానిక్. పెళ్లి చూపుల్లో ఆ తేడా ఎంతో మనందరికీ తెలుసు. ఆ చిన్నచూపుని సూట్‌కేసులో పెట్టుకుని 23 కిలోల లిమిటులో విమానం ఎక్కించి తెచ్చుకున్నాం. అందుకే మా తమ్ముడు ఏడాదిపాటు సీటీసీ పేరెత్తలేదు. "ఐటీలో చేశా" అనేవాడు.

ఇక్కడ తెల్లవాళ్లు ఏం చేస్తున్నారో చూడండి. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టిన్ పోస్ట్‌మా అనే ఆవిడ రిపేర్ కేఫే మొదలుపెట్టింది. లండన్‌లో 2012 నుంచి రీస్టార్ట్ ప్రాజెక్టు వాళ్లు జనాన్ని పిలిచి, టేబుళ్లేసి, పాడైనవి విప్పి బాగుచేస్తున్నారు. చర్చి హాళ్లలో, కమ్యూనిటీ సెంటర్లలో రిటైరైన ఇంజనీర్లు కళ్లజోడు ముక్కు మీదికి లాక్కుని టోస్టర్లు విప్పుతుంటారు, టీ ఇస్తారు, డబ్బులు అడగరు. మంచి పని, మేమూ పోయి వచ్చాం. ఆయన చేస్తే పర్యావరణం, మా తమ్ముడు చేస్తే కక్కుర్తా? అక్కడొకాయన మా తమ్ముడి సోల్డరింగ్ భూతద్దం పెట్టి చూసి, ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. వాడు హైదరాబాద్ అన్నాడు. సీటీసీ అని మాత్రం అప్పుడూ అనలేదు.

అక్కా, నీ ప్రశ్న. ఇల్లు తగలబడుతుందా? తగలబడేది బ్యాటరీ దగ్గర. మనలో ఈ-బైకు మీద డెలివరీ చేసేవాళ్లు ఎంతోమంది. లోకల్‌గా అతికించిన బ్యాటరీలతో, సరిపోని ఛార్జర్లతో వచ్చే మంటల గురించి లండన్ ఫైర్ బ్రిగేడ్ ఎన్నిసార్లు మొత్తుకుందో మీకు తెలుసు. బ్యాటరీ దగ్గర మాత్రం జుగాడ్ వద్దు, ఎవరు ఎంత ధైర్యం చెప్పినా వద్దు. మేము చేసింది 5 వోల్టుల గీత మీద. ముందు ఛార్జర్ పీకి, బ్యాటరీ ఊడదీసి, అప్పుడే ఐరన్ వేడి చేశాం. వేడికి ఆగే టేపు చుట్టాం. మామూలు యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, దాన్నే లోపల ఉన్నవన్నీ పంచుకోవాలి. అందుకే మౌస్, హెడ్‌సెట్ వరకే. హార్డ్‌డిస్కు పెట్టం, ఫోన్ ఛార్జి చెయ్యం. పొరపాటు జరిగితే ఏం పోతది? ఎక్కువలో ఎక్కువ బోర్డు. దానికీ భయమే, ఆ ఒక్క మిషనే కదా ఉంది. అందుకే అన్నని అడిగి, ఆయన సరే అన్నాకే ముట్టుకున్నాం.

కొత్త ల్యాప్‌టాప్ ఉన్నోళ్లు మూత తియ్యకండి. 2015 కన్జ్యూమర్ రైట్స్ యాక్ట్ ఉంది. కొన్న 30 రోజుల్లో పాడైతే వెనక్కిచ్చి డబ్బులు అడగొచ్చు. ఆరు నెలల లోపైతే తప్పు వస్తువుది కాదని షాపే రుజువు చేసుకోవాలి. వారంటీ అయిపోయింది పో అంటే తల ఊపి వచ్చేయకండి, ఈ చట్టం పేరు చెప్పండి. మేము మాట్లాడేది ఏ చట్టమూ కాపాడని పాత మిషన్ల గురించి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. విండోస్ 11 ఎక్కని మంచి ఆఫీసు ల్యాప్‌టాప్‌లు చవగ్గా దొరుకుతున్నాయి. లినక్స్ మింట్ వేసుకుంటే రెజ్యూమెకి, ఇంటర్వ్యూకి, పిల్లల చదువుకి బాగానే నడుస్తాయి.

అన్న ఆ డబ్బాతోనే మూడు ఇంటర్వ్యూలు చేశాడు. ఒకదాంట్లో రెండో రౌండు అయింది, జవాబు రావాలి. ఇవాళ్టికి 41వ రోజు. వాళ్లు ఏమంటారో మాకు తెలియదు, కానీ ఈసారి మాట మాత్రం ఎక్కడా ఆగలేదు.

వచ్చే ఆదివారం రెండు గంటల నుంచి మా ఇంట్లోనే ఉంటాం. పోర్టు పోయినవి, హింజ్ ఊడినవి, ఫ్యాన్ అరిచేవి తెచ్చుకోండి, చూద్దాం. అందులో డేటా ముందే కాపీ చేసి పెట్టుకోండి. ఉబ్బిన బ్యాటరీ ఉంటే బస్సులో వేసుకుని రాకండి, ఛార్జింగ్ ఆపేసి మెసేజ్ పెట్టండి, ఎక్కడ ఇవ్వాలో చెప్తాం. డబ్బులు వద్దు. తమ్ముడికి నైట్ షిఫ్ట్ ఉంది, ఏడింటికి వదిలేయాలి. కోఠీ అన్న బ్రో కూడా రావచ్చు, ఆయన ల్యాప్‌టాప్ ఛార్జర్ వంకర పెడితేనే ఎక్కుతదని పోయిన నెల ఇదే గ్రూపులో రాశాడు.