ఆంగ్లేయుల పాకగ్రంథములలో మన చారు

పరదేశపు వంటకమును పుస్తకమున కెక్కించుట అనువాదము వంటిదని మా యభిప్రాయము. మాటకు మాట దొరకనప్పుడు అనువాదకుడు పడు ఇబ్బందియే దినుసునకు దినుసు దొరకనప్పుడు పాకగ్రంథకర్తయు పడును. ఆ ఇబ్బందిని దాచినవారెవరు, ఒప్పుకొన్నవారెవరు అనునది విచారింపదగియున్నది.

హన్నా గ్లాస్ అను వనిత 1747వ సంవత్సరమున లండనులో ప్రకటించిన గ్రంథమున ఇండియా పద్ధతి కూర యొకటి గలదు. కోడినో కుందేటినో ముక్కలుచేసి, ఉల్లిపాయలు, 30 మిరియపు గింజలు, పెద్ద చెంచాడు బియ్యము, వేయించి దంచిన ధనియాలు చేర్చి నీళ్లతో ఉడికించి, తుదను అక్రోటుకాయంత వెన్న వేయవలెనట. పసుపును అల్లమును తరువాతి కూర్పులలోగాని రాలేదు. ధనియాలను శుభ్రమైన ఇనుపపారమీద వేయించుమని యుండుట చూచి మన పిల్లలు పకపక నవ్వుదురు. మేము నవ్వజాలము. మంగలమెరుగని యింట నుండియు, ధనియాలు వేగినగాని కమ్మదనము రాదను సూక్ష్మమును ఆమె గ్రహించినది.

మిసెస్ బీటన్ సంగతి వేరు. ఆమె 1861లో ప్రకటించిన గృహనిర్వాహక గ్రంథమున ముల్లిగటానీ యను సూపు గలదు. తమిళమున మిళగు తణ్ణీరు, అనగా మిరియపు నీరు. మన మిరియాల చారునకు తోబుట్టువు. జ్వరపడి లేచినవారికి మనము పోయు ఆ పలుచని చారు అచ్చట కోడిమాంసము, 4 బేకను ముక్కలు, 6 ఉల్లిపాయలు, నూరిన బాదములు, రెండు పెద్ద చెంచాల కర్రీపొడి గల విందైనది! చింతపండునకు మారు నిమ్మ ఊరగాయయో మామిడి రసమో. ఇదియు క్షమింపవచ్చును. కాని కర్రీపొడిని ఇంట దంచుటకంటె మంచి అంగడిలో కొనుటయే మేలని ఆమె వ్రాసిన మాట మాకు రుచింపదు. కూరకొక పోపు, పులుసునకొక పొడి గల దేశపు వంటలన్నియు ఆ మాటతో ఒక్క సీసాలో బందీలైనవి.

అంతకు ముందే, 1845లో, ఎలైజా యాక్టన్ నిజము పలికియుండెను. తూర్పుదేశపు కూరలు తమ కూరలకంటె మేలైనవనియు, పచ్చి దినుసులు తమకు దొరకకపోవుట అందుకొక కారణమనియు, తమవారు పసుపును కారమును మితిమీరి వాడుదురనియు ఆమె వ్రాసినది. మాకు నచ్చిన గ్రంథకర్త్రి ఈమెయే.

ఈ వివేకము మన బైబిలు అనువాదకులకును కలదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో మూలమున రొట్టె యను మాట యుండగా, అన్నము తిను మనకై వారు ఆహారమనిరి. ఐదువేలమందికి పంచినచోట రొట్టెయనియే యుంచిరి. అచ్చట అన్నమనిన కథయే మారిపోవును గదా! ఎచ్చట మార్చవచ్చునో ఎచ్చట మార్చరాదో వారెరుగుదురు.

నేడు మన పూర్వవిద్యార్థులు అనేకులు చింతపండు సులభముగ దొరకని ఊళ్లలో కాపురములు చేయుచున్నారు. అవ్వల వంటలు కాగితముమీద లేవు. కావున వచ్చు సంచికకు వంటకములు వ్రాసి పంపు విద్యార్థులు, దినుసు మార్చినచోట అసలు దినుసేదో, ఎందుకు మార్చితిరో ప్రక్కనే వ్రాయుదురుగాక. అవ్వ పిడికెడనినచోట పిడికెడు పోయించి, తూచి, తూనికయు వ్రాయవలెను.