దొడ్డు బియ్యం పోయాక కోడికి మేత ఏది?

నల్లగొండ: 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం పంపిణీని ప్రారంభించారు. మనిషికి నెలకు 6 కిలోల చొప్పున ఇస్తున్న ఈ బియ్యాన్ని జనం వండుకుని తింటున్నారు. మంచిదే. కాని అంతకు ముందు వచ్చిన దొడ్డు బియ్యంలో కొంత ఇంటి కోళ్లకు మేతగా పోయేదన్నది పల్లెల్లో అందరికీ తెలిసిన సంగతే. ఇప్పుడా గుప్పెడు గింజలు లేవు. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పదో ఇరవయ్యో కోళ్లు పెంచుకునే ఇల్లాలు దాణా కోసం దుకాణం వైపు చూడవలసి వస్తోంది.

నిజానికి పెరట్లో మేత తరిగిపోవడం నిన్న మొన్నటి మాట కాదు. జొన్న, సజ్జ విరివిగా పండిన రోజుల్లో కల్లంలో రాలిన గింజలు, పెంటకుప్ప మీది పురుగులు కోడి కడుపు నింపేవి. ఆ చెల్కల్లోకి పత్తి వచ్చింది. వరిని మిషను పొలంలోనే కోసి, నూర్చి, ట్రాక్టరులో పోస్తోంది. ఇక మక్కలు ఇథనాల్ తయారీకి తరలడం 2023 తర్వాత బాగా పెరిగింది. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు మక్కలకు 2,400, సజ్జలకు 2,775, సంకర జొన్నలకు 3,699 రూపాయలు. జొన్నలు కోడి ముందు చల్లేంత అగ్గువగా లేవు.

మేత తరిగిన ఈ కాలంలోనే కోడి కూడా మారింది. నాటు పెట్ట ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెడుతుంది. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ సరైన మేత ఉంటే 150కి పైగా పెడుతుంది. సరైన మేత ఉంటే అన్న మాటే ఇక్కడ అసలు చిక్కు. పిల్ల దశలో తిన్న తిండిని బట్టే పెట్ట ఎప్పుడు గుడ్డుకు వచ్చేది, ఎన్ని పెట్టేది తేలుతుంది. నష్టం ఆరు నెలల తర్వాత గాని బయటపడదు. అప్పటికి పొదుపు సంఘంలో తెచ్చిన అప్పు కిస్తీలు మొదలై ఉంటాయి.

దుకాణంలో ‘కోడి దాణా’ అని అడిగితే విప్పి ఉన్న సంచిలోంచి తూచి ఇవ్వడం కద్దు. అది లేయర్ దాణా అయితే ముప్పే. గుడ్డు పెంకు కోసం అందులో కాల్షియం మూడు, మూడున్నర శాతం కలుపుతారు. ఎదిగే పెట్టకు ఒక్క శాతం చాలు. అంత సున్నం నెలల తరబడి తిన్న పిల్ల పెట్టకు మూత్రపిండాలు దెబ్బతింటాయి. మొదటి ఎనిమిది వారాలు 20 శాతం మాంసకృత్తులున్న స్టార్టర్, ఆ తర్వాత గుడ్డుకు వచ్చేదాకా 16 శాతమున్న గ్రోయర్ అడిగి తీసుకోవాలి. నూకల్లో మాంసకృత్తులు ఎనిమిది శాతానికి మించవు. కడుపు నిండుతుంది గాని ఒళ్లు రాదు.

మరి ఒకే పెరట్లో గుడ్లు పెట్టే ముదురు పెట్టలు, పిల్ల పెట్టలు కలిసి తిరుగుతుంటే ఎట్లా? అన్నిటికీ గ్రోయరే వేసి, ఆల్చిప్పల పొడి వేరే మూకుట్లో పెడితే సరిపోతుంది. అవసరమున్న పెట్టే దాన్ని పొడుచుకు తింటుంది.

ఇంట్లో కలుపుకునే వారికి ఒక లెక్క ఉంది. పది కిలోల దాణాలో ఆరు కిలోలు నలగ్గొట్టిన సజ్జలో, మక్కలో, నూకలో, రెండు కిలోలకు కాస్త తక్కువగా పల్లి చెక్క, 200 గ్రాముల లవణ మిశ్రమం, మిగిలింది తవుడు. ఇది రెండు నెలలు దాటిన పెట్టలకే. అంతకు చిన్న పిల్లలకు చాలదు. పల్లి పండే అచ్చంపేట, కల్వకుర్తి, వనపర్తి వైపు చెక్కకు కొదవ లేదు. కాని బూజు వాసన వచ్చే చెక్క ఎంత చవకగా దొరికినా వద్దు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం వెతుకుతూ పోయిన శాస్త్రవేత్తలు పల్లి చెక్కకు పట్టిన బూజు దగ్గర తేలారు. ఆ విషానికే అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. చెక్కను ఎండబోసినా అది పూర్తిగా పోదు. ఇక బర్రెకు తెచ్చిన పత్తి గింజల చెక్కను కోళ్లకు వేయడం మరో పొరపాటు. బర్రె అరిగించుకుంటుంది, కోడికి పడదు. గుడ్డు సొన కూడా పచ్చ రంగుకు తిరుగుతుంది.

దాణా మంచిదే కొన్నా దాన్ని నేల మీద చల్లితే సగం మట్టిపాలు. ఒకే పళ్లెంలో పోస్తే బలమైనవి తిని బలహీనమైనవి దూరంగా నిలబడతాయి. వాటి ఎదుగుదల అక్కడే ఆగుతుంది. పిల్లకు రెండు అంగుళాలు, ఎదిగిన పెట్టకు నాలుగు అంగుళాల జాగా కావాలి. మూడడుగుల తొట్టికి రెండు వైపులా నిలబడితే పద్దెనిమిది పెట్టలు తింటాయి. నిలువునా చీల్చిన వెదురు బొంగు గాని, బోరు మోటారు దగ్గర మిగిలిన ప్లాస్టిక్ పైపు ముక్క గాని ఇందుకు చాలు, కొననక్కర లేదు. తొట్టి అంచు కోడి వీపు ఎత్తున ఉండాలి. పెట్టలు ఎదిగిన కొద్దీ కింద ఇటుక పెట్టి లేపుకోవాలి. మూడో వంతుకు మించి నింపితే ముక్కుతో చిమ్మి పారబోస్తాయి. పైన తిరిగే కర్ర ఒకటి బిగిస్తే తొట్టి ఎక్కి రెట్ట వేయవు.

పూర్తిగా కొన్న దాణా మీదే పెంచితే ఫారాల లెక్కన ఒక పెట్ట గుడ్డుకు వచ్చేలోగా ఏడెనిమిది కిలోలు తింటుంది. ఇరవై పెట్టలకు మూడు సంచులు. రెండు నెలలు దాటిన వాటిని పొద్దున ఖాళీ కడుపుతో వదిలి, సాయంత్రం గూటికి చేరాక గుప్పెడు చొప్పున వేస్తే ఖర్చు చాలా మటుకు తగ్గుతుంది. వర్షాకాలంలో పురుగులు దొరుకుతాయి కనుక ఇంకా తగ్గించవచ్చు. ఎండాకాలంలో పెంచక తప్పదు.

రాత్రి మిగిలిన దాణాను మాత్రం బయట ఉంచరాదు. 2025 మార్చిలో చిట్యాల మండలంలోని ఫారం కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకిన సంగతి పాఠకులకు తెలిసిందే. ఆ రోగం అడవి పక్షుల ద్వారా కూడా వ్యాపిస్తుంది. తొట్టిలో గింజలుంటే తెల్లవారేసరికి వాలేది కాకులు, పావురాలే.