కత్తెర కళ్ళుగప్పిన చూపులు

కిందటి వారం 'బెన్‌హర్' గురించి రెండే రెండు వాక్యాలు రాసి ఊరుకున్నాను. అంతే! ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం దంచాడు. ఇద్దరు ప్రాణస్నేహితులు కౌగిలించుకుంటే అందులో నాకు ప్రేమ కనిపించిందట. తప్పు సినిమాలో లేదు, నా కళ్ళల్లోనే ఉందట.

కోప్పడకండి సోదరా! ఆ కళ్ళు నావి కావు, ఆ సినిమాకి పనిచేసిన రచయితవే.

1959 నాటి ఆ చిత్రం మొదటి భాగం గుర్తు చేసుకోండి. రోము సైన్యాధికారిగా తిరిగొచ్చిన మెస్సాలా, చిన్ననాటి నేస్తం జూడాని ఏళ్ళ తర్వాత కలుసుకుంటాడు. ఇద్దరూ సరదాగా బల్లేలు విసురుతారు. చేతులు పెనవేసుకుని ద్రాక్షసారా తాగుతారు. తర్వాత మెస్సాలా తిరుగుబాటుదారుల పేర్లు చెప్పమంటాడు, జూడా చెప్పనంటాడు. ఇక చూస్కోండి! అవకాశం దొరగ్గానే తల్లినీ చెల్లెల్నీ చెరసాలకి, నేస్తాన్ని ఓడలో తెడ్లు వెయ్యడానికి పంపేస్తాడు. రాజకీయాల్లో మాట తేడా వస్తే ఇంత పగా?

స్క్రిప్టు మీద పనిచేసిన గోర్ విడాల్‌కీ ఇదే సందేహం వచ్చింది. కుర్రతనంలో వీళ్ళిద్దరూ ప్రేమికులనీ, మెస్సాలా మళ్ళీ ఆ ప్రేమ కోరి వచ్చాడనీ, జూడా కాదన్నాడనీ అనుకుంటే లెక్క కుదురుతుందని దర్శకుడు విలియం వైలర్‌తో అన్నాడట. మెస్సాలా వేషధారి స్టీఫెన్ బాయిడ్‌కి సంగతి చెప్పారట, హీరో చార్ల్‌టన్ హెస్టన్‌కి మాత్రం చెప్పలేదట. ఇదంతా 1995లో వచ్చిన 'ది సెల్యులాయిడ్ క్లోజెట్' డాక్యుమెంటరీలో విడాల్ స్వయంగా చెప్పుకున్న ముచ్చట. హెస్టన్ ఈ మాటల్ని కొట్టిపారేశాడు. ఎవరిది నిజమంటారా? ఆ సీను మళ్ళీ వేసుకుని ముందు బాయిడ్ కళ్ళు చూడండి, తర్వాత హెస్టన్ కళ్ళు చూడండి. నా తీర్పు మాత్రం విడాల్ వైపే. (అన్నట్టు, 12 నామినేషన్లలో 11 ఆస్కార్లు కొట్టిన ఆ చిత్రానికి చేజారింది స్క్రీన్‌ప్లే బహుమతి ఒక్కటే!)

ఇంత దొంగచాటు ఎందుకంటే, హాలీవుడ్ నిర్మాతలు 1930లో తమకు తామే ఒక నిబంధనావళి రాసుకున్నారు. 1934 నుంచి దాన్ని గట్టిగా అమలు చేశారు. స్వలింగ ప్రేమ పేరెత్తడమే కాదు, సూచించడమూ నిషేధమే. 1961లో సడలి, 1968లో ఆ కోడ్ పూర్తిగా పోయింది. ఈలోగా 'స్పార్టకస్' (1960)లో స్నానాల గదిలో లారెన్స్ ఒలీవియర్, టోనీ కర్టిస్‌ల సంభాషణ కత్తెరపాలైంది. 1991లో దాన్ని మళ్ళీ అతికించేనాటికి ఒలీవియర్ లేడు, ఆయన గొంతు ఆంథోనీ హాప్కిన్స్ ఇచ్చాడు. మాటల్ని కొయ్యొచ్చు సరే, చూపుల్ని ఎలా కోస్తారు?

కత్తెరని దాటొచ్చినా ఆ పాత్రల గతి మాత్రం బాగుండేది కాదు. చంపడమో, చావడమో! హిచ్‌కాక్ 'రోప్' (1948)లో కలిసి ఉండే కుర్రాళ్ళిద్దరూ హంతకులు. శవాన్ని దాచిన పెట్టె మీదే విందు వడ్డిస్తారు. తెలివైన చిత్రమే, కాదనను. కానీ అలాంటి కుర్రాడెవరైనా హాల్లో కూర్చుని చూస్తే, అతనికి తెర మీద దొరికిన చుట్టాలు వీళ్ళా?

ఇది నాకు ఆలస్యంగా తట్టింది. డిగ్రీలో నా హాస్టల్ గదిమిత్రుడితో కలిసి 'రెబల్ వితవుట్ ఎ కాజ్' (1955) చూశాను. జేమ్స్ డీన్ కోసం వేసుకున్నాం. అందులో సాల్ మినియో వేసిన ప్లేటో అనే కుర్రాడు తన బీరువా తలుపుకి అలన్ లాడ్ ఫోటో అంటించుకుంటాడు. డీన్ వెంటే తిరుగుతాడు, రాత్రికి మా ఇంటికి రమ్మంటాడు. చివర్లో పోలీసు తూటాకి పోతాడు. మావాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. "హీరో బతికే ఉన్నాడు కదరా, నీ ఏడుపేంటి?" అని వెక్కిరించాను, పక్క గదివాళ్ళని పిలిచి మరీ నవ్వాను. ఆరేళ్ళ తర్వాత ఫోన్లో తన సంగతి చెప్పాడు. ముందే ఎందుకు చెప్పలేదురా అన్నాను. "ప్లేటో పోయిన రోజు నువ్వు నవ్వావుగా" అన్నాడు.

ఆ తర్వాత ఆ సినిమా మళ్ళీ చూశాను, ఈసారి ఒక్కణ్ణే. చనిపోయిన ప్లేటో ఒంటి మీద డీన్ ఇచ్చిన ఎర్ర జాకెట్టు ఉంటుంది. డీన్ వంగి, చలేస్తుందేమో అన్నట్టు దాని జిప్పు మెల్లగా పైకి లాగుతాడు.