బృందగానం: కొత్త పాటకు పుట్టినిల్లు

పాడేవారికి మన కళాశాలలో కొదువ లేదు. ఏటేటా వార్షికోత్సవ సభలో పదిమంది విద్యార్థులు పాడుతారు. ఇద్దరికి బహుమతులు వస్తాయి. మరునాటికి ఆ సందడి ముగుస్తుంది. బహుమతి పొందినవాడు మరొక పోటీ కోసం ఎదురుచూస్తాడు. పొందనివాడు మరల నోరు విప్పడు. ఇక సొంతంగా పాట కట్టగల విద్యార్థి సంగతి చెప్పనక్కరలేదు. అతని పాట నోటుపుస్తకం చివరి పుటలలోనే ఉండిపోతుంది. దీనికి మందు పోటీల సంఖ్య పెంచడంలో లేదు. ఏడాది పొడుగునా కలిసి పాడే ఒక స్థిరమైన గాయకబృందాన్ని నెలకొల్పడంలో ఉన్నదని మేము విశ్వసిస్తున్నాము. ఆ విశ్వాసానికి గల ఆధారాలను విద్యార్థుల ముందు, పాలకవర్గం వారి ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కలిసి పాడుట మనకు పరాయి విద్య కాదు. అనంతపురం పీఠభూమి వర్షచ్ఛాయా ప్రాంతం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల మేరకే వాన కురిసే ఈ నేలమీద వేరుశనగ పైరు మబ్బు వంక చూస్తూ బ్రతుకుతుంది. పెన్న, చిత్రావతి నదులు సంవత్సరంలో అధికభాగం ఇసుక మేటలుగానే కనిపిస్తాయి. 2022లో జిల్లా రెండుగా విడిపోయినా రెండింటి కరువు ఒక్కటే. అట్టి నేలమీదనే ఊరూరా భజనమందిరాలు వెలిసినవి. చెక్కభజన, కోలాటం, పండరిభజన నిలిచినవి. వెన్నెల రాత్రులలో స్త్రీలు జట్లుగా కూడి జట్టిజాము పాటలు పాడుకున్నారు. నీరు కరువైన చోట పాట కరువు కాలేదు.

చెక్కభజన నేర్చే పద్ధతిని ఒకమారు గమనించండి. గురువు ఎత్తుకుంటాడు, తక్కినవారు అందుకుంటారు. కొత్తగా చేరిన కుర్రవాడు వరుస చివర నిలిచి ముందు అడుగు కలుపుతాడు, పిదప చెక్క కలుపుతాడు, ఆ పిదప గొంతు కలుపుతాడు. అతని తడబాటు పదిమంది గొంతులో కలిసిపోతుంది. గొంతు కుదురుకున్నదని తోచిననాడు గురువు ఒక చరణాన్ని అతనికి వదులుతాడు. ఇంతకంటే దయగల శిక్షణ మరొకటి ఉన్నదా? పోటీలో విద్యార్థి మొదటి దినమే ఒంటరిగా నిలబడవలసి వస్తుంది. బృందంలో ఒంటరిగా నిలబడుట చివరి మెట్టు.

గాయకుని పెంచే ఈ పద్ధతి పాటనూ పెంచుతుంది. నార్పల మండలంలోని గూగూడు గ్రామాన్ని ఎరుగనివారు మనలో లేరు. అక్కడి కుళ్లాయిస్వామి పీరును ముస్లిములు, హిందువులు సమానంగా కొలుస్తారు. మొహర్రం దినాలలో అగ్నిగుండం చుట్టూ అలాయి తొక్కుతూ హసన్ హుసేనుల త్యాగాన్ని జనం తెలుగులో గానం చేస్తారు. ఈ ఉత్సవాన్ని గురించి తెలుగు కవి, పరిశోధకుడు అఫ్సర్ మహమ్మద్ గారు 2013లో ఆంగ్లంలో ఒక గ్రంథమే వెలువరించినారు. కర్బలా మైదానంలో దాహంతో అల్లాడినవారి గాథ దాహమంటే ఏమిటో ఎరిగిన ఈ నేల నోట పలికినప్పుడు ఎంత సొంతమైనదో వినినవారికి తెలుస్తుంది. ఆ పాటలను కట్టినవారిలో అధికుల పేర్లు మనకు దక్కలేదు. ఎవరో ఒకరు ఒక చరణం కట్టినారు. గుంపు దానిని ఒప్పుకున్నది. నోట నిలిచినది పాటయై మిగిలినది, నిలవనిది రాలిపోయినది. గుంపు పాడుట వలననే పాట బ్రతికినది.

ఉర్దూ సంప్రదాయంలోనూ ఇదే ధర్మం కనిపిస్తుంది. ఖవ్వాలీలో ప్రధాన గాయకుడు ఒక పంక్తిని అందిస్తే వెనుక కూర్చున్నవారు చప్పట్లతో దానిని ఎత్తుకుంటారు. ఆ వెనుక వరుసయే రేపటి గాయకునికి బడి. ముషాయిరాలలో తర్హీ ముషాయిరా అని ఒకటి కలదు. ముందుగా ఒక మిస్రాను ప్రకటిస్తారు. ఆ వరుసలోనే, ఆ అంత్యప్రాసతోనే పెద్దకవులూ రాయవలె, నిన్న కలం పట్టినవాడూ రాయవలె. కొత్తవాని గజలును ఉస్తాదు సవరించుటకు ఇస్లాహ్ అని పేరు. మన అవధానాలలోని సమస్యాపూరణానికి ఇది దగ్గర చుట్టం. రెండు భాషలవారమూ ఒకే ఆవరణలో చదువుకుంటున్న మనకు ఈ రెండు వారసత్వాలూ చేతికందే దూరంలో ఉన్నవి.

తెలుగునాట దీనికి గొప్ప నిదర్శనం షేక్ నాజర్ గారు. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో జన్మించిన ఆయన ప్రజానాట్యమండలి ద్వారా బుర్రకథను లక్షలాది ప్రజలకు చేర్చినారు. పల్నాటి యుద్ధాన్ని, అల్లూరి సీతారామరాజు కథను ఆయన నోట వినుట ఒక తరానికి పండుగ. 1986లో పద్మశ్రీ పురస్కారం పొంది 1997లో కన్నుమూసినారు. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. బుర్రకథలో కథకుడు ఒక్కడే ఉండడు. ఇరువైపులా ఇద్దరు వంతలు ఉంటారు. వంత పాడుతూ కథనం, తాళం, సమయస్ఫూర్తి ఒంటబట్టించుకొని తరువాత తామే కథకులైనవారు ఎందరో కలరు. గొప్పవాని పక్కన నిలబడే అవకాశం కూడా ఒక విద్యాలయమే.

ఆధునిక కాలంలో ఈ పనికి పూనుకున్నవారు ఎం. బి. శ్రీనివాసన్ గారు. 1925లో మన పొరుగున చిత్తూరులో జన్మించి, ప్రజానాట్యోద్యమంలో పెరిగి, మలయాళ చలనచిత్రాలకు సంగీతం కూర్చి ఖ్యాతి పొందినారు. 1970 ప్రాంతంలో ఆయన మదరాసులో యువజన గాయకబృందాన్ని స్థాపించినారు. వృత్తిగాయకులు కానివారిని చేరదీసి, సుబ్రహ్మణ్య భారతి కవితలను, పలు భారతీయ భాషల గీతాలను పాడించినారు. మన సంగీతం ఒకే స్వరవరుస మీద నడుస్తుంది. అట్టి బాణీలను వేర్వేరు గొంతుల వరుసలు ఏకకాలంలో వేర్వేరు స్వరాలు పలుకుతూ ఒకదానికొకటి ఆనుకొని సాగేటట్లు ఆయన మలచినారు. ఆయన సహధర్మచారిణి జాహిదా గారు స్వాతంత్ర్యయోధుడు సైఫుద్దీన్ కిచ్లూ గారి కుమార్తె. 1988లో లక్షద్వీపంలో శ్రీనివాసన్ గారు కన్నుమూసినారు. ఆయన చూపిన మార్గం మాత్రం తెరచియే ఉన్నది.

దూరదేశపు ఉదాహరణ ఒకటి చెప్పి మన సంగతికి వస్తాము. బాల్టిక్ తీరాన ఎస్టోనియా అనే చిన్న దేశం ఆనాడు రష్యా సామ్రాజ్యంలో ఉండేది. 1869లో టార్టు పట్టణంలో అక్కడివారు తొలి గానోత్సవం జరిపినారు. ఎనిమిదివందలకు పైగా పాల్గొన్నారు. పాడిన పాటలలో చాలా భాగం జర్మనుల బాణీలే. స్వదేశీయుడు సంగీతం కూర్చినవి రెండు మాత్రమే. కూర్చిన అలెగ్జాండర్ కునిలైడ్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో చదువుకున్న ఇరవైమూడేళ్ల యువకుడు. ఆ గీతాలు రాసిన లిడియా కోయిడులాకు పాతికేళ్లు. ఆ రెండు పాటలనుండి ఒక జాతి తన గొంతును గుర్తుపట్టినది. 1980 దశకం చివర ఆ దేశం కోరిన స్వాతంత్ర్యానికి 'పాడే విప్లవం' అని పేరు వచ్చినది. 1991లో స్వాతంత్ర్యం సిద్ధించినది. పాడే గుంపు ముందుగా ఉన్నది గనుకనే కొత్త పాటకు చోటు దొరికినది.

ఇప్పుడు మన ఊళ్ల వంక చూడండి. వాన తప్పిన ఏడాది చెక్కభజన వరుసలో నాలుగు చోట్లు ఖాళీ అవుతాయి. ఆ నలుగురూ కూలిపనికి బెంగుళూరు బస్సెక్కినారు. పండుగకు వచ్చినా అభ్యాసం తప్పిన అడుగు కలవదు. గురువు వృద్ధుడవుతాడు, వరుస చివర నిలబడే కుర్రవాడు లేడు. లోగడ క్యాసెట్టు, నేడు చేతిలోని ఫోను పాటను ఇంటింటికి తెచ్చినవి, అది మంచిదే. కాని ఫోను వినిపిస్తుంది, వంత పాడనివ్వదు. వినేవారు పెరిగి పాడేవారు తగ్గిన చోట కొత్త పాట కట్టేవాడు ఎవరి కోసం కట్టవలె? 'పెన్నేటి పాట' రాసిన విద్వాన్ విశ్వం గారు ఈ జిల్లా తరిమెలలో పుట్టినవారే. ఈ నేల మాట ఎండిపోలేదు. ఆ మాటను ఎత్తుకునే గొంతుల గుంపు పలుచబడుతున్నది.

అందుచేత కళాశాలలో ఒక ఉర్దూ తెలుగు గాయకబృందం ఏర్పడవలెనని మా మనవి. వారానికి ఒక సాయంత్రం, ఒక గంట చాలును. గొంతు పరీక్ష పెట్టి ఎవరినీ వెనుకకు పంపరాదు. వచ్చినవారిని వరుస చివర నిలుపవలె. నెలకొకమారు ఒక తెలుగు పల్లవినిగాని ఉర్దూ మిస్రానుగాని ప్రకటించి, విద్యార్థులచేత చరణాలు రాయించవలె. వాటిలో ఒకటి ఎన్నుకొని, రాసినవాని ఎదుటనే బృందం పాడవలె. నలభైమంది ఊపిరి ఆగిన చోట పంక్తి పొడుగు ఎక్కువైనదని రచయితకు తెలుస్తుంది; పై స్వరంలో గొంతులన్నీ చీలినప్పుడు బాణీ లోపం తెలుస్తుంది. ఏ అధ్యాపకుడూ చెప్పనక్కరలేదు. ఊళ్లలోని పీర్ల పాటలను, జట్టిజాము పాటలను సెలవులలో సేకరించుట, ఒక చెక్కభజన గురువును ఆహ్వానించి గౌరవించుట కూడా బృందం పనిగా ఉండవలె.

దీనిపై వచ్చే ఆక్షేపణలు మాకు తెలియనివి కావు. సంగీతం విషయంలో మన పెద్దలలో అభిప్రాయభేదం ఉన్నది. దానిని మేము తేలికగా చూడము. హమ్ద్, నాత్ వంటివి వాద్యం లేకుండ గొంతుతోనే పాడే ఆనవాయితీ మనకు కలదు. బృందం కూడా కేవలం మానవకంఠంతోనే పాడవచ్చును. వాద్యం కావలసినవారు వేరుగా నేర్చుకొందురు గాక. ఎవరి విశ్వాసానికి విరుద్ధమైన పాటను వారి నోట పలికించరాదు. ఈ నియమం ముస్లిము విద్యార్థికీ హిందూ విద్యార్థికీ ఒక్కటే. బాలికల అభ్యాసాన్ని అధ్యాపికల పర్యవేక్షణలో వేరు సమయాన నడుపవచ్చును. వెన్నెల రాత్రుల పాటలను నిలిపినది వారి అమ్మమ్మలే. కనుక వారిని మినహాయించిన బృందం సగం బృందమే. చదువు చెడుతుందనేవారికి మా సమాధానం ఒక్కటే: వారానికి ఒక గంట పదిమందితో శ్రుతి కలిపినవానికి క్రమశిక్షణను వేరుగా బోధించనక్కరలేదు.

ఖర్చు మాట చెప్పనవసరం లేదు. ఒక గది, ఒక గంట, బాధ్యత వహించే ఇద్దరు అధ్యాపకులు. పాలకవర్గం వారు వాన కోసం నిధులు మంజూరు చేయలేరు. పాట కోసం ఒక గది తాళం తీయించగలరు. విద్యార్థులారా! నోటుపుస్తకం చివరి పుటలలో దాచిన మీ పాటలను వెలికి తీయండి. గొంతు బాగులేదని సంకోచించకండి. వరుస చివర చోటు ఉన్నది.