కెమెరా ఎటు తిరిగితే అటే న్యాయమా?

2024 నవంబరు 11న వికారాబాద్ జిల్లా దుద్యాల మండలం లగచర్లలో ఫార్మా విలేజ్ భూసేకరణ గురించి రైతులతో మాట్లాడటానికి వెళ్లిన కలెక్టర్ ప్రతీక్ జైన్‌ను, ఇతర అధికారులను గ్రామస్థులు చుట్టుముట్టారు. తోపులాట, రాళ్లు, పగిలిన కారు అద్దాలు: ఆ దృశ్యాలు అదే రోజు రాష్ట్రంలోని ప్రతి ఫోన్‌లోకీ చేరాయి. ఆ రాత్రి పోలీసులు పల్లెల్లోకి, తండాల్లోకి వెళ్లి మగవాళ్లను పట్టుకుపోయారు. తమవాళ్లను కొట్టారని, తమతో అసభ్యంగా ప్రవర్తించారని తండా మహిళలు ఆరోపించారు. పగటి దృశ్యాలు తిరిగినంత విరివిగా ఆ రాత్రి దృశ్యం ఏదీ తిరగలేదు.

పగటికి సాక్ష్యం వీడియో. రాత్రికి సాక్ష్యం ఆడవాళ్ల నోటిమాట. ఈ రెండింటికీ మన సమాజం ఒకే విలువ ఇస్తుందా అన్నదే అసలు ప్రశ్న. అధికారిపై చేయిచేసుకోవడాన్ని సమర్థించకుండానే ఈ ప్రశ్న అడగవచ్చు, అడగాలి కూడా.

లగచర్ల, రోటిబండ తండా, పులిచెర్లకుంట తండా కొడంగల్ నియోజకవర్గంలోనివి, తాండూరు రెవెన్యూ డివిజన్ పరిధిలోనివి. కొడంగల్ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సొంత నియోజకవర్గం. ఇక్కడి లంబాడీలకు 1976 నాటి చట్ట సవరణతో షెడ్యూల్డు తెగల హోదా దక్కింది. తాండూరు దాటి కాగ్నా నది వెంట కర్ణాటకలోకి అడుగుపెడితే అదే లంబాడీ షెడ్యూల్డు కులాల జాబితాలో ఉంటాడు. సరిహద్దు గీతతో జాబితా మారుతుంది కానీ, భూమి పోతుందన్న భయం మారదు. కొద్దిపాటి పట్టా, కొంత అసైన్డ్ భూమి, దాని మీద కంది పంట. ఇవే ఆ కుటుంబాలకు ఆస్తి. అది పోతే మిగిలేది వలస.

ఆ మహిళలు గ్రామంలోనే ఉండిపోలేదు. ఢిల్లీకి వెళ్లి జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు, జాతీయ ఎస్టీ కమిషన్‌కు గోడు చెప్పుకున్నారు. కమిషన్ల ప్రతినిధులు గ్రామాలకు వచ్చారు. నవంబరు ముగిసేలోగా ప్రభుత్వం ఫార్మా విలేజ్ నోటిఫికేషన్‌ను వెనక్కి తీసుకుంది. దాని స్థానంలో పారిశ్రామిక పార్కును ముందుకు తెచ్చింది. నోటిమాట చివరకు చేరవలసిన చోటికి చేరింది. అయితే, వీడియో కొన్ని గంటల్లో దాటిన దూరాన్ని ఆ మాట కాలినడకన, రైలు ప్రయాణంతో దాటవలసి వచ్చింది.

కులానికీ కెమెరాకూ ఉన్న సంబంధాన్ని ఈ జిల్లా అంతకుముందే చూసింది. 2022 మే 4న మర్పల్లికి చెందిన ఒక దళిత యువకుణ్ణి హైదరాబాద్ సరూర్‌నగర్‌లో నడిరోడ్డు మీద అతని భార్య బంధువులే చంపేశారు. ఆమె ముస్లిం. చుట్టూ ఉన్నవాళ్లలో ఫోన్లు ఎత్తినవాళ్లు ఉన్నారు, భార్య ప్రాధేయపడుతున్నా ముందుకొచ్చినవాళ్లు తక్కువ. ఆ వీడియో దేశమంతా తిరిగింది. తిరిగేకొద్దీ దానికి మతం అంటుకుంది, కులం రాలిపోయింది. ఒక వర్గం దాన్ని మత విద్వేషానికి ముడిసరుకుగా వాడుకుంది. మరో వర్గం ఆ వాడకాన్ని ఖండించడంతో సరిపెట్టుకుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నమోదైన కేసు అన్న సంగతి ఆ గొడవలో వెనక్కిపోయింది. 2018లో మిర్యాలగూడలో ప్రణయ్ హత్య కెమెరాకు చిక్కినప్పుడు హంతకుల పక్షం వహించి పోస్టులు పెట్టినవాళ్లనూ చూశాం. దృశ్యం ఒకటే. దానికి పేరు పెట్టే అధికారం ఎవరి చేతుల్లో ఉంటే అర్థం వారిది.

అదే 2022 అక్టోబరులో తాండూరు పేరు మరో వీడియోతో మారుమోగింది. మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లో ఎమ్మెల్యేల కొనుగోలు యత్నం జరిగిందంటూ అప్పటి తాండూరు ఎమ్మెల్యే పైలట్ రోహిత్ రెడ్డి ఫిర్యాదు చేశారు. రహస్యంగా రికార్డు చేసిన దృశ్యాలను నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు విలేకరుల సమావేశంలో స్వయంగా విడుదల చేశారు. ఆ నలుగురు ఎమ్మెల్యేలలో గువ్వల బాలరాజు ఎస్సీ రిజర్వుడు స్థానం నుంచి, రేగా కాంతారావు ఎస్టీ రిజర్వుడు స్థానం నుంచి వచ్చినవారు. రిజర్వుడు స్థానాల ప్రతినిధులు కూడా పార్టీల మధ్య బేరానికి సరుకుగా మారుతున్నారా అన్న చర్చ మాత్రం పెద్దగా జరగలేదు. అధికారం ఉన్నవాడికి కెమెరా ముందే సిద్ధంగా ఉంటుంది. తండాకు అది తెల్లవారాక వస్తుంది.

మళ్లీ లగచర్లకు వద్దాం. డిసెంబరు రెండో వారంలో, సంగారెడ్డి జైలులో ఉన్న ఒక తండా రైతును ఛాతీ నొప్పితో ఆసుపత్రికి తీసుకువెళ్లారు. ఆయన చేతికి బేడీలున్న దృశ్యం బయటికి వచ్చింది. ముఖ్యమంత్రి ఆగ్రహం వ్యక్తం చేశారు, విచారణకు ఆదేశించారు. ఆడవాళ్లు నెలరోజులుగా చెబుతున్నది నమ్మనివాళ్లను ఒక్క దృశ్యం కదిలించింది. అంతకు ముందు ఆ మాటలు అబద్ధమా?

సంకెళ్ల విషయంలో చట్టం కొత్తదేమీ కాదు. 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనం బేడీలు వేయడాన్ని అమానవీయమని చెప్పింది. తప్పనిసరైతే కారణం రాతపూర్వకంగా ఉండాలన్నది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 43(3) సెక్షన్ కొంత సడలింపు ఇచ్చింది. అదీ పదేపదే నేరం చేసేవారికి, కస్టడీ నుంచి తప్పించుకున్నవారికి, ఉగ్రవాదం, హత్య వంటి నేరాలకు, అరెస్టు సమయంలో లేదా కోర్టులో హాజరుపరిచేటప్పుడు మాత్రమే. గుండె నొప్పితో ఆసుపత్రికి వెళ్లే రైతు ఆ జాబితాలో ఎక్కడా లేడు.

డిసెంబరు 17న బీఆర్ఎస్ శాసనసభ్యులు నల్ల చొక్కాలతో, చేతులకు బేడీలతో శాసనసభకు వచ్చారు. టీవీ కెమెరాలకు అది మంచి దృశ్యం. అయితే 2017 మే నెలలో ఖమ్మంలో మిర్చి రైతులను బేడీలతో కోర్టుకు తీసుకువచ్చినప్పుడు అధికారంలో ఉన్నది వారే. ఆ సభకు స్పీకరు ఇదే జిల్లా వికారాబాద్ రిజర్వుడు స్థానం నుంచి గెలిచిన గడ్డం ప్రసాద్ కుమార్, తెలంగాణ శాసనసభకు తొలి దళిత స్పీకరు. ప్రాతినిధ్యం ఉన్నత పీఠానికి చేరింది. ఆ పీఠం నీడ తండా దాకా రావడానికి ఇంకా ఏం కావాలి?

వినోదంలో ఈ దూరం కనిపించదు. లంబాడీ డీజే పాటలు యూట్యూబ్‌లో తిరుగుతున్నాయి, పెళ్లి బరాత్‌లలో అన్ని కులాల యువకులూ వాటికి చిందేస్తున్నారు. అద్దాల రవికెను, ఘాగ్రాను సినిమా ఎప్పుడో పాటకు వేషంగా తీసుకుంది. పాటను స్వీకరించిన సమాజం, ఆ పాట పుట్టిన తండా ఆడమనిషి వాంగ్మూలాన్ని మాత్రం రుజువు అడుగుతోంది.

రుజువు కావాలంటే దానికి మార్గం చట్టంలోనే ఉంది. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీసుస్టేషన్‌లోనూ సీసీ కెమెరాలు ఉండాలని, రికార్డును 18 నెలలు, అది సాధ్యం కానిచోట కనీసం ఏడాది భద్రపరచాలని ఆదేశించింది. కొత్త సంహితలోని 105 సెక్షన్ సోదాలు, స్వాధీనాలను వీడియో తీయాలంటోంది. ఎస్సీ, ఎస్టీ చట్టంలోని 15ఏ(10) ఆ కేసుల విచారణ ప్రక్రియలన్నింటినీ వీడియో రికార్డు చేయాలని చెబుతోంది. అంటే తిప్పవలసిన కెమెరా ప్రభుత్వం చేతిలోనే ఉంది. కస్టడీలో కొట్టారన్న ఆరోపణ వచ్చిన ప్రతిసారీ స్టేషన్ రికార్డును న్యాయస్థానం ముందు పెట్టడం దయ కాదు, బాధ్యత.

విద్యార్థులు, రాజకీయ కార్యకర్తలు తదుపరి వైరల్ వీడియోను పంచుకునే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇందులో కనబడనిది ఏమిటి? దీన్ని ఎవరు చూపించాలనుకున్నారు? తండా రాత్రికి కెమెరా లేకపోవచ్చు, కానీ సాక్షులున్నారు. రాజ్యాంగం వారిని సాక్షులుగానే గుర్తించింది. మనమూ అలాగే వినడం నేర్చుకోవాలి.