ఆరోగ్య విషయాలు: బరువు తగ్గితే యూరిక్ ఆమ్లం పెరగడమేమి?

స్థూలకాయానికి శస్త్రచికిత్స చేయించుకొన్నవారు మన సంఘ కుటుంబాలలోను యిప్పుడు అక్కడక్కడ కనిపిస్తున్నారు. జీర్ణాశయాన్ని సన్నని గొట్టంవలె కత్తిరించే ‘స్లీవ్’ పద్ధతి ఒకటి, ప్రేగును మళ్ళించి కలిపే ‘బైపాస్’ పద్ధతి మరొకటి. “బరువు తగ్గుతున్నది గదా, యూరిక్ ఆమ్లం పెరిగినదేమి? కాలి బొటనవ్రేలు వాచి మండుతున్నదేమి?” అని వీరిలో కొందరు కలవరపడుతున్నారు. వారికోసమే యీ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

శరీరకణాలలోను, ఆహారంలోను వుండే ప్యూరిన్లు విచ్ఛిన్నమైతే యూరిక్ ఆమ్లం పుడుతుంది. అందులో సుమారు మూడింట రెండు వంతులను మూత్రపిండాలే బయటకు పంపుతాయి. ఆపరేషను అయిన మొదటి వారాలలో ఆహారం బహు స్వల్పం. శరీరం తన కొవ్వునే కరిగించుకొంటుంది. అప్పుడు పుట్టే కీటోనులు యూరిక్ ఆమ్లం పోయే దారికి అడ్డు తగులుతాయి. చిన్నదైన పొట్టలో నీరూ ఎక్కువ పట్టదు. అందుచేత మొదటి నెలలో ఆ ఆమ్లం పెరగడము, లోగడ గౌటు వున్నవారికి కీళ్ళవాపు తిరగబెట్టడము కద్దు. సంవత్సరం తిరిగేసరికి చాలామందిలో అది మునుపటికంటె తక్కువకు దిగుతుంది. చికిత్స చెడిందని బెంగపడనక్కరలేదు.

అసలు భయం వేరే వున్నది. నొప్పి ఓర్వలేక కొందరు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి బిళ్ళలు దుకాణంలో కొని మ్రింగుతారు. నీరు చాలని ఒంటిలో యివి మూత్రపిండాలకు హఠాత్తుగా హాని చేయగలవు. బైపాస్ అయినవారికి పొట్టలో పుండ్లు కూడా పుట్టించగలవు. కాలినొప్పి కొద్ది రోజులలో పోతుంది. చెడిన మూత్రపిండం అంత సులువుగా కోలుకోదు. రక్తపుపోటుకు వాడే నీళ్ళ బిళ్ళల మోతాదు మార్చడం గురించి, గౌటుకు వాడే అల్లోప్యూరినాల్ గురించి ఆపరేషనుకు ముందే డాక్టరుగారిని అడగవలెను. తమంతట తాము మానరాదు, కొనసాగించరాదు.

నీటిని గుటక గుటకగా, రోజుకు లీటరున్నరకు తగ్గకుండా త్రాగవలెను. గుండెజబ్బు వున్నవారు డాక్టరుగారు చెప్పిన కొలతే పాటించాలి. బళ్ళారి ఎండలలోను, బరంపురం ఉక్కలోను వుండే మనవారికి యిది మరీ ముఖ్యం. నీరు ముట్టని ఏకాదశి ఉపవాసం యీ కాలంలో వద్దు. ఉత్త ఉపవాసం కూడా ఆమ్లాన్ని పెంచుతుంది.

మరొక సంగతి. చికిత్స తరువాత మూత్రంలో ఆల్బుమిన్ తగ్గి, చాలామంది మూత్రపిండాలకు మేలే జరుగుతుంది. కాని క్రియాటినిన్ కండనుంచి పుట్టేది. కండ కరిగితే ఆ అంకె కూడా తగ్గి, లేని మెరుగు వున్నట్లు తోపిస్తుంది. కనుక మూత్రంలో ఆల్బుమిన్, అవసరమైతే రక్తంలో సిస్టాటిన్-సి కూడా చూపించుకోవలెను. బైపాస్ అయినవారికి ఆక్సలేటు రాళ్ళు ఏర్పడే అవకాశం వున్నది గనుక నడుమునొప్పిని ఉపేక్షించరాదు.

వాంతులు ఆగకున్నా, మూత్రం బాగా తగ్గినా ఆనాడే ఆసుపత్రికి వెళ్ళండి. ఇంటివారు మంచం ప్రక్కన చెంబెడు నీళ్ళు పెట్టి, గంట గంటకు గుర్తుచేస్తే అంతకు మించిన ఉపచారం లేదు.